ఒక్కరోజు కొండల ట్రిప్: గైడ్ ఉన్న చిన్న గ్రూపుతో వెళ్ళాలా, సొంతంగా వెళ్ళాలా?

మీరు అడిగింది ఇదీ: ఆఫీసు పనిమీద ఓ వారం కొత్త సిటీలో ఉంటున్నారు, ఆదివారం ఒక్కటే ఖాళీ, మీతో చెల్లెలూ అరవై రెండేళ్ళ అమ్మగారూ వస్తున్నారు, ముగ్గురికీ కొండలెక్కిన అలవాటు లేదు. రెండున్నర గంటల దూరంలో కొండలున్నాయి, గైడ్ తీసుకెళ్ళే చిన్న గ్రూపు ట్రిప్పులు చాలా కనిపిస్తున్నాయి, వాటిలో వెళ్ళాలా లేక కారు అద్దెకి తీసుకుని మనమే వెళ్ళాలా, బుక్ చేసే ముందు ఏం అడగాలి అని.

గ్రూపుతోనే వెళ్ళండి. కాకపోతే డబ్బు కట్టేముందు ఫోన్ చేసి అన్నిటికంటే ముందు రెండు ప్రశ్నలు అడగండి. ఒకటి, ఆ రోజు మొత్తంలో కొండమీద నడిచేది ఎన్ని గంటలు? రెండు, పైకి చేరినా చేరకపోయినా వెనక్కి తిరిగే టైము ఎంత? ఈ రెండిటికీ తడుముకోకుండా అంకెల్లో జవాబు వస్తే బుక్ చేసుకోండి. "అది ఆ రోజు చూసుకుందాం సార్, మీకెందుకు టెన్షన్" అన్నారంటే ఫొటోలు ఎంత బాగున్నా వదిలేయండి. నేను పదకొండేళ్ళుగా ఇలాంటి ట్రిప్పులే నడిపిస్తున్నాను, ఎక్కువగా మీలాంటి కొత్తవాళ్ళతోనే, కాబట్టి ఎందుకు అలా అంటున్నానో కాస్త వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు టైము సంగతి. పొద్దున ఏడింటికి బయల్దేరి రాత్రి ఏడింటికి తిరిగొచ్చే ట్రిప్ అంటే పన్నెండు గంటలు కదా, చాలా ఎక్కువ అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. ఐదు హోటళ్ళ దగ్గర ఆగి జనాన్ని ఎక్కించుకునేసరికి గంట పోతుంది, రానూపోనూ ప్రయాణం ఐదు గంటలు, దారిలో బాత్రూమ్ కోసం ఆగేది అరగంట, భోజనం గంట. మిగిలింది నాలుగున్నర గంటలు. కొండ మీకు దొరికేది అంతే. ఇందులోంచే ఫొటోలు, కూర్చోవడాలు, ఎవరికో షూ లేస్ ఊడితే ఆగడాలు అన్నీ జరగాలి. అందుకే ఒక్కరోజులో నాలుగు స్పాట్‌లు చూపిస్తాం, ఆరు స్పాట్‌లు చూపిస్తాం అనే ట్రిప్పులు నాకు నచ్చవు. పదిమంది వ్యాన్ దిగి మళ్ళీ ఎక్కి సర్దుకోవడానికే ప్రతి చోటా పది పదిహేను నిమిషాలు పడుతుంది, చివరికి మీరు చూసేది పార్కింగ్ స్థలాలే. ఒకే లోయ, ఒకే కాలిబాట ఉన్న ట్రిప్ ఎంచుకోండి. అందరినీ ఒకే చోట ఎక్కించుకునేదైతే ఇంకా మంచిది, ఆ గంట మీకు కొండమీద మిగులుతుంది.

నడక ఎంతసేపు పడుతుందో మీరే అంచనా వేసుకోవచ్చు. విలియమ్ నెయిస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన లెక్క ఒకటుంది, ఇప్పటికీ గైడ్‌లందరం వాడతాం: 5 కిలోమీటర్లకి ఒక గంట, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎక్కుడికి ఇంకో గంట. అంటే 8 కిలోమీటర్ల దారిలో 600 మీటర్లు ఎక్కాలంటే రెండు గంటల ముప్పై ఆరు నిమిషాలు. కానీ అది బాగా నడిచే అలవాటున్నవాళ్ళకి, అందులో ఆగడాలు లేవు. కొత్తవాళ్ళ గ్రూపుకి నేను దానికి ఒకటిన్నర రెట్లు వేసుకుంటాను, అప్పుడది దాదాపు నాలుగు గంటలవుతుంది, అంటే మీ నాలుగున్నర గంటలూ దానికే సరి, ఎక్కడా ఊపిరి తీసుకునే సందు ఉండదు. అదే 4 కిలోమీటర్లు, 200 మీటర్ల ఎక్కుడు అయితే ఇదే లెక్కన గంటా నలభై ఐదు నిమిషాల్లోపే, అమ్మగారు మధ్యలో పదిసార్లు కూర్చున్నా ఇబ్బంది లేదు. మీ ముగ్గురికీ అలాంటిదే సరిపోతుంది. ప్రకటనలో దూరం మాత్రం రాసి ఎక్కుడు ఎంతో రాయకపోతే తప్పకుండా అడగండి, కొండల్లో కిలోమీటర్ల కంటే అదే ముఖ్యం.

"స్మాల్ గ్రూప్" అనే మాటకి ఎవరూ పెట్టిన కొలతేమీ లేదు. కొందరికి ఆరుగురు, కొందరికి పదహారుమంది, మినీబస్సు నిండితే చాలు అనుకునేవాళ్ళూ ఉన్నారు. గరిష్ఠంగా ఎంతమందిని తీసుకెళ్తారు, వాళ్ళతో నడిచే గైడ్‌లు ఎంతమంది అని విడివిడిగా అడగండి. నా అనుభవంలో ఒక గైడ్‌కి ఎనిమిదిమంది హాయిగా ఉంటుంది, పదీ పన్నెండుకి వెళ్తే వెనకాల నడవడానికి ఇంకో మనిషి ఉండి తీరాలి. ఎందుకంటే కొండ దారిలో గ్రూపు దండలా సాగిపోతుంది, ముందువాడికీ చివరివాడికీ మధ్య మలుపు అడ్డం వస్తుంది, నేను ముందున్నానంటే వెనకాల కాలు మెలిపడినవాళ్ళు నాకు కనపడరు. ఇంకోటి కూడా జరుగుతుంది, బయటివాళ్ళకి తెలియదు. ముందు నడిచేవాళ్ళు ఆగి రెస్ట్ తీసుకుంటూ ఉంటారు, చివరి మనిషి ఆయాసపడుతూ వచ్చేసరికి "అందరూ వచ్చారుగా, పదండి" అని లేస్తారు. అంటే గట్టిగా ఉన్నవాళ్ళకి పది నిమిషాల రెస్ట్, అసలు అవసరమైనవాళ్ళకి సున్నా. రోజంతా ఇలాగే సాగితే ఆ చివరి మనిషి ఇక జన్మలో కొండ మొహం చూడరు. మంచి గైడ్ ఏం చేస్తాడంటే నెమ్మదిగా నడిచేవాళ్ళని తన వెనకే రెండో స్థానంలో పెట్టుకుని, వాళ్ళ నడకకి తన నడక కలిపి, అందరినీ ఆ వేగంలోనే తీసుకెళ్తాడు. అమ్మగారిని అక్కడే నడవనివ్వమని మీరు పొద్దున్నే గైడ్‌కి చెప్పండి, చెప్పడానికి మొహమాటపడొద్దు. నడుస్తూ మాట్లాడగలుగుతున్నారా లేదా అన్నదే వేగానికి కొలత, ఒక వాక్యం పూర్తి చేసేలోపే ఊపిరి అందట్లేదంటే వేగం ఎక్కువైనట్టే.

డ్రైవరే గైడ్ అయిన ట్రిప్పులు కూడా ఉంటాయి. అవి చెడ్డవని అనను, చాలామంది మంచివాళ్ళు అలా చేస్తున్నారు, కానీ రెండు ఇబ్బందులు. రోజంతా నడిచి అలసిపోయిన మనిషే చీకటిపడ్డాక ఘాట్ రోడ్డు మీద వ్యాన్ దించాలి. పైగా సగం దారిలో ఒకరికి వద్దనిపించి వెనక్కి వెళ్ళి వ్యాన్‌లో కూర్చోవాలనుకుంటే తీసుకెళ్ళేవాళ్ళుండరు, లేదంటే మొత్తం గ్రూపు తిరగాలి. మీతో పెద్దవాళ్ళున్నారు కాబట్టి డ్రైవర్ వేరే, గైడ్ వేరే ఉన్న ట్రిప్పే చూడండి. దిగుడు రోడ్డులో డ్రైవర్ చిన్న గేర్‌లో పెట్టి ఇంజిన్ పట్టు మీద దించుతున్నాడా లేక బ్రేక్ తొక్కుతూనే ఉన్నాడా గమనించండి. తొక్కుతూనే ఉంటే బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతుంది, కాలిన వాసన వస్తుంది. ఆ వాసన వస్తే ఊరుకోకుండా చెప్పి, పక్కన ఆపించి చల్లారనివ్వండి.

ఇప్పుడు వెనక్కి తిరిగే టైము. ఎండాకాలంలో కొండల్లో పొద్దున్నంతా ఆకాశం అద్దంలా ఉంటుంది, ఎండకి వాలులు వేడెక్కి గాలి పైకి లేచి మధ్యాహ్నానికి మబ్బులు గుట్టలు కడతాయి, చాలా చోట్ల ఉరుములు మెరుపులు వచ్చేది ఆ తర్వాతే. అందుకే పొద్దున్నే ఎక్కి మధ్యాహ్నానికి దిగుతూ ఉండాలంటాం. నాకు ఒక రోజు బాగా గుర్తుంది. మేం తిరగాల్సిన టైము ఒంటిగంట, శిఖరం మీదికి ఇంకా ఇరవై నిమిషాలుంది, గ్రూపులో ఒకాయన చాలా దూరం నుంచి వచ్చారు, ఆ ఒక్క ఇరవై నిమిషాలు ఇవ్వమని నిజంగా బతిమాలారు. పడమటి వైపు మబ్బు అడుగు నల్లబడుతోంది. తిప్పేశాను. రెండుంపావుకి వ్యాన్‌లో ఉండగా వడగళ్ళు మొదలయ్యాయి, మేం నిలబడాలనుకున్న గట్టు మీదే మెరుపులు. అలాగని ప్రతిసారీ ఇలా రుజువు దొరకదు. ఇంకోసారి ఇలాగే తిప్పితే సాయంత్రం దాకా ఒక్క చినుకు పడలేదు, వచ్చినవాళ్ళు తిరుగు ప్రయాణమంతా నాతో మాట్లాడలేదు. రేపు అదే ఆకాశం కనపడితే మళ్ళీ తిప్పేస్తాను. మీరు గైడ్‌కి డబ్బిచ్చేది ముఖ్యంగా ఈ పని కోసమే, దారి చూపించడం ఫోన్ కూడా చేస్తుంది.

ఉరుము గురించి ఒక లెక్క గుర్తుపెట్టుకోండి: మెరుపు కనపడ్డాక ఉరుము వినపడేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే ఎన్ని కిలోమీటర్ల దూరమో తెలుస్తుంది. 30 సెకన్లు, అంటే 10 కిలోమీటర్ల లోపుకి వచ్చిందంటే గట్టు మీద ఉండకూడదు, ఒంటరి చెట్టు కింద అసలే ఉండకూడదు, రేకు టాపు ఉన్న బండిలో అద్దాలు మూసుకుని కూర్చోవడం మంచిది, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి బయటికి రావాలి.

చలికాలంలో అయితే తొందరపెట్టేది చీకటి. లోయలో ఉన్నవాళ్ళకి సూర్యుడు క్యాలెండర్‌లో రాసిన టైముకి కాదు, పక్క కొండ వెనక్కి వెళ్ళినప్పుడే అస్తమిస్తాడు, అది గంట ముందే జరగొచ్చు, వెంటనే చలి మొదలవుతుంది.

ఎత్తు గురించి చాలామంది భయపడతారు. మీరు వెళ్ళేది 2500 మీటర్ల లోపు అయితే ఎత్తు వల్ల వచ్చే జబ్బు గురించి మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్ళు పెద్దగా ఆలోచించక్కర్లేదు. అంతకంటే పైకి వెళ్ళే ట్రిప్పులుంటాయి. కజకిస్తాన్‌లో అల్మాటీ సిటీ దాదాపు 800 మీటర్ల ఎత్తులో ఉంటే అక్కడి షింబులాక్ కేబుల్ కార్లు 3200 మీటర్ల దాకా తీసుకెళ్తాయి, బొలీవియాలో లా పాజ్ నుంచి చకల్తాయా పర్వతం వైపు వ్యాన్‌లు 5000 మీటర్లు దాటి వెళ్తాయి. 3000 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదాంట్లో దాదాపు 70 శాతమే, ప్రతి ఊపిరికీ అందే ఆక్సిజన్ ఆ మేరకు తగ్గుతుంది. ఒక్కరోజు ట్రిప్పులో ఒక ఊరట ఉంది, తలనొప్పీ వికారం సాధారణంగా పైకి వెళ్ళిన కొన్ని గంటలకి గానీ మొదలవ్వవు, ఈలోపు మీరు దిగిపోతారు. కానీ పైన ఉండగానే తలనొప్పితో పాటు వాంతి వచ్చేలా ఉంటే ఇంక ఎక్కొద్దు, తగ్గకపోతే దిగిపోండి. మనిషి నేలమీద తిన్నగా అడుగులు వెయ్యలేక తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా ఒక్క నిమిషం ఆలస్యం లేకుండా కిందికి దించాలి. గుండె జబ్బో ఊపిరితిత్తుల జబ్బో ఉంటే అంత ఎత్తు ట్రిప్ బుక్ చేసేముందే డాక్టర్ని అడగండి.

ఆరోగ్యం మాట వచ్చింది కాబట్టి, దయచేసి గైడ్ దగ్గర ఏదీ దాచకండి. ఒకామెకి ఉబ్బసం ఉందని నాకు చెప్పలేదు, చెప్తే తీసుకెళ్ళనేమో అని భయపడ్డారట. ఎక్కుడు మధ్యలో పట్టేసింది, ఇన్‌హేలర్ ఎక్కడుందంటే వ్యాన్‌లో బ్యాగ్‌లో ఉంది. మా వెనక నడిచే కుర్రాడు పరిగెత్తి తెచ్చేసరికి పాతిక నిమిషాలు పట్టింది, అంతసేపూ ఆమెని కూర్చోబెట్టి ముందుకి వంచి పట్టుకుని నెమ్మదిగా ఊపిరి తీయిస్తూ ఉన్నాను, ఆ పాతిక నిమిషాలు ఎలా గడిచాయో నాకే తెలుసు. ముందే చెప్పుంటే తీసుకెళ్ళేవాణ్ణే, ఆ ఇన్‌హేలర్ ఆమె జేబులో ఉందో లేదో చూసి మరీ. అమ్మగారికి బీపీ, షుగర్ మాత్రలు ఏవైనా ఉంటే నడిచేటప్పుడు మీ భుజానికున్న బ్యాగ్‌లోనే ఉండాలి.

అమ్మగారి మోకాళ్ళ గురించి ప్రత్యేకంగా చెప్తాను. అందరూ ఎక్కడం కష్టమనుకుంటారు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, ఆగితే తగ్గుతుంది. మోకాళ్ళు పట్టేసేది దిగేటప్పుడు, దానికి ఆగడం మందు కాదు. రెండు చేతుల కర్రలు తీసుకోండి, చాలామంది ఆపరేటర్లు అడిగితే ఇస్తారు, ముందుగా చెప్పి ఉంచాలి. దిగేటప్పుడు కర్రలు కొంచెం పొడుగు చేసి, ముందు కర్ర ఆనించి తర్వాత అడుగు వెయ్యాలి, చిన్న చిన్న అడుగులు. షూ కొత్తవి వద్దు, నలిగినవి వేసుకోండి, బొటనవేలికి ముందు కాస్త ఖాళీ ఉండాలి, లేకపోతే దిగుడులో గోళ్ళు కొట్టుకుని నల్లబడతాయి. కేబుల్ కార్ ఉన్న కొండ అయితే పైకి నడిచి కిందికి అందులో దిగడం అమ్మగారికి మంచిది, మామూలుగా అందరూ తిరగేసి చేస్తారు. అయితే గాలి ఎక్కువైతే కేబుల్ కార్లు ఆపేస్తారు, కేప్‌టౌన్ టేబుల్ మౌంటెన్ దగ్గర ఇది తరచూ జరిగేదే, కాబట్టి ఆపేస్తే నడిచి దిగగలమా అన్నది ముందే ఆలోచించుకోవాలి.

బట్టల గురించి ఎక్కువ చెప్పను. వెయ్యి మీటర్లు ఎక్కితే సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది, కింద సిటీలో 30 ఉంటే రెండు వేల మీటర్లు పైన 17, దానికి గాలి తోడైతే ఇంకా చల్లగా తగులుతుంది. చెమటకి తడిసిన నూలు బట్ట ఒంటికి అతుక్కుని ఆరదు, ఆగగానే వణుకు పుడుతుంది, అందుకే త్వరగా ఆరే బట్ట లోపల, ఒక వెచ్చనిది, గాలీ వానా ఆపే జాకెట్ ఒకటి. చల్లగా ఉంది కదా అని ఎండని తేలిగ్గా తీసుకోవద్దు, ప్రతి వెయ్యి మీటర్లకీ అతినీలలోహిత కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి, మంచు ఉంటే కింద నుంచి కూడా కొడుతుంది, కళ్ళజోడు తప్పనిసరి. నీళ్ళు గంటకి అర లీటరు లెక్కన. మలుపుల రోడ్డులో కడుపులో తిప్పే అలవాటు ఎవరికైనా ఉంటే ముందు సీటు అడిగి పెట్టుకోండి, ఫోన్ చూడొద్దు, దూరంగా రోడ్డు వైపే చూడాలి, మాత్ర వేసుకునేటట్టయితే బయల్దేరే ముందే, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచెయ్యదు.

ఫోన్‌లో మీరు అడగాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. గైడ్‌కి ప్రథమ చికిత్స ట్రైనింగ్ ఉందా, కొండమీద ఫోన్ సిగ్నల్ లేకపోతే సాయం ఎలా పిలుస్తారు (రేడియోనో శాటిలైట్ పరికరమో ఉందని చెప్పాలి), వాతావరణం బాగోకపోతే రద్దు చేసి డబ్బు తిరిగిస్తారా లేక తక్కువ ఎత్తులో ఉన్న వేరే దారికి మారుస్తారా, జనం చాలకపోతే ముందురోజు రాత్రి క్యాన్సిల్ చేస్తారా, దారిలో షాపుల దగ్గర ఆగుతారా, బాత్రూమ్‌లు ఎక్కడెక్కడ ఉన్నాయి. ఆఖరిది అమ్మగారి కోసం, చాలామంది ఆడవాళ్ళు అడగడానికి ఇబ్బందిపడి నీళ్ళు తాగడం మానేస్తారు, దాంతో తలనొప్పీ నీరసమూ వస్తాయి. మీరే అడిగి తెలుసుకుని వాళ్ళకి చెప్పండి.

వ్యాన్ ఎక్కిన ప్రతిసారీ గైడ్ తలలు లెక్కపెడుతున్నాడా చూడండి. నా రెండో ఏడాదిలో నేను లెక్కపెట్టకుండా "అందరూ ఉన్నారా" అని అడిగి, ఎవరో ఉన్నాం అంటే బయల్దేరాను. ఒక పెద్దాయన బాత్రూమ్‌లో ఉండిపోయారు. మూడు కిలోమీటర్లు వెళ్ళాక తెలిసి వెనక్కి వచ్చాం, ఆయన ఖాళీ పార్కింగ్‌లో ఒక్కడే నిలబడి రోడ్డు వైపు చూస్తున్నారు. తప్పు పూర్తిగా నాదే. అప్పటినుంచి ఒక్కొక్కరినీ వేలు పెట్టి లెక్కపెట్టకుండా డ్రైవర్‌కి పోనివ్వమని చెప్పలేదు.

సొంత కారే మేలు అయ్యే సందర్భాలూ ఉన్నాయి. బాగా గుర్తులు వేసిన పొట్టి దారి, కొండ పాదం దాకా మంచి రోడ్డు, మీలో ఒకరికి ఘాట్ రోడ్డు నడిపిన అలవాటు ఉంటే గైడ్ లేకపోయినా పర్లేదు. చంటిపిల్లలున్నా, సూర్యోదయం ఫొటోలు తియ్యాలన్నా గ్రూపు టైముకి కుదరదు, అప్పుడు విడిగానే వెళ్ళాలి. నలుగురైదుగురు ఉంటే మీకోసమే విడిగా గైడ్‌ని పెట్టుకోవడానికీ గ్రూపు ట్రిప్పుకీ ఖర్చులో పెద్ద తేడా ఉండకపోవచ్చు, అడిగి చూడండి. మీ విషయంలో మాత్రం కొత్త రోడ్లు, కొత్త చోటు, మర్నాడు సోమవారం ఆఫీసు, రాత్రి మలుపుల్లో మీరే స్టీరింగ్ పట్టుకోవడం ఎందుకు, వెనక సీట్లో అమ్మగారి పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ రండి.

మీరు చూసిన ట్రిప్పుల్లో ఏదైనా ఒకటి ఎంచుకున్నాక నడక ఎన్ని కిలోమీటర్లు, ఎక్కుడు ఎన్ని మీటర్లు, పైన ఎత్తెంత, వెనక్కి తిరిగే టైమెంత, ఈ నాలుగు అంకెలు నాకు రాయండి, అమ్మగారికి సరిపోతుందో లేదో లెక్క వేసి చెప్తాను. శనివారం సాయంత్రం వాతావరణం చూసేటప్పుడు సిటీది కాకుండా ఆ కొండ పేరు కొట్టి, అదే ఎత్తుకి ఉన్నది చూడండి.